పేల్చిన కొలత

మే 2, 2006, మంగళవారం. బనియాస్

మరియ ఈ రోజు కచ్చితంగా చెప్పేసింది. నెలాఖరులోపు హాలు మధ్యలో గోడ రాకపోతే తను మళ్ళీ నర్సుల హాస్టల్‌కి పోతుందట. నన్ను ముసఫ్ఫాలో కంపెనీ క్యాంపులో నా పాత మంచం వెతుక్కోమంది.

పెళ్ళయి నాలుగేళ్ళు. ఇద్దరం గల్ఫ్‌లోనే ఉన్నా, అందులో ఒక చోట ఉన్నది ఈ విల్లాలో చేరిన రెండు నెలలే. అది కూడా సగం చోటు. ఒకటే హాలు, మధ్యలో తాడు మీద రెండు దుప్పట్లు. అవతల హనుమకొండ బాలసుబ్రహ్మణ్యం గారు, ఆయన భార్య కాత్యాయని గారు. మంచివాళ్ళే. కాకపోతే దుప్పటి కూడా గోడ లాంటిదేనని బాలు గారికి ఎవరూ చెప్పినట్టు లేదు. మరియ రాత్రి డ్యూటీ చేసి పొద్దున ఎనిమిదింటికి వచ్చి పడుకుంటుంది. ఆయన ఆఫీసుకి బయల్దేరుతూ సరిగ్గా అప్పుడే దుప్పటి పక్కకి జరిపి తల లోపలికి పెడతారు.

"మరియమ్మా, పండుకున్నవా?"

"పడుకున్నానండీ."

"అయితే పండుకో. పాలు విరిగినయా ఏంది అని అడుగుదామనుకున్న."

ఇంకోసారి తల పెడితే ఇంజెక్షన్ చేస్తానంది మరియ. ఎక్కడ చేస్తుందో కూడా చెప్పింది. అది రాయను.

మే 4, గురువారం

గోడకి బాలు గారు వెంటనే ఒప్పుకున్నారు. విల్లా చూసుకునే నాతూర్ కూడా తలూపాడు. ప్లైవుడ్ గోడ. హాలుకి తలుపులు ఎలాగూ రెండు, చెరో వైపు. చల్లగాలి రెండు వైపులా తిరగడానికి పైన రెండడుగులు ఖాళీ. కట్టేది పెషావర్ వడ్రంగి హబీబుల్లా.

"డ్రాయింగ్ నువ్వు గియ్యి తమ్మీ, నీ పనే గద" అన్నారు బాలు గారు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయాక ఆఫీసు కంప్యూటర్లో గీశాను. ఐదు మీటర్ల వెడల్పు హాలు. నడిమధ్య గీత. ఆ గీత పోయి పడమటి గోడలో ఉన్న ఏసీని సరిగ్గా మధ్యలో తాకింది. హాలు మొత్తానికి ఉన్నది ఆ ఒక్క విండో ఏసీ. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది.

ఏసీకి ఎదురుగా నిలబడితే ఎడమ సగం మాది, కుడి సగం వాళ్ళది. దాన్ని తిప్పే నాబ్‌లు రెండూ కుడి చివర ఉన్నాయి. ఇప్పుడైతే దుప్పటి కింద నుంచి చెయ్యి పెట్టి తిప్పుకుంటుంది మరియ. గోడ వస్తే నాబ్‌లు వాళ్ళ గదిలోకి పోతాయి. ఖాళీ గదిలో ఏసీ నడిస్తే కాలిపోతుందని బాలు గారి భయం. పొద్దున ఏసీ కట్టేసి, గదికి తాళం వేసి, ఇద్దరూ ఉద్యోగాలకి పోతారు. ఈ ఎండల్లో మరియ పగలంతా ఏసీ లేకుండా నిద్రపోవాలి. పోదు. హాస్టల్‌కి పోతుంది.

వాళ్ళని అడగొచ్చు. కానీ మా ఇంట్లో గట్టు గురించి పక్కవాణ్ణి అడిగినవాళ్ళు ఎవరూ లేరు. మా నాయన ఏటా దుక్కికి ముందు పార పట్టుకుపోయి గట్టుని బెత్తెడు అటు చెక్కేవాడు. పక్క చేను ఆయన మర్నాడు బెత్తెడు ఇటు చెక్కేవాడు. గట్టు ఉన్న చోటే ఉంది, సన్నబడింది. సాయంత్రాలు ఇద్దరూ దాని మీదే కూర్చుని చుట్టలు కాల్చుకునేవాళ్ళు. ఎవరూ ఎవరినీ అడగలేదు.

మే 6, శనివారం

దారి దొరికింది.

బాలు గారు గీత చూస్తారు. హబీబుల్లా అంకె చూస్తాడు. ఏ వడ్రంగీ కాగితం మీద గీతని కొలవడు. పక్కన రాసిన అంకె చదివి టేపు లాగుతాడు. కాబట్టి గీత బాలు గారికి, అంకె హబీబుల్లాకి.

చిక్కల్లా ఏమిటంటే కంప్యూటర్లో కొలత గీతకి కట్టేసి ఉంటుంది. గీత ఎక్కడుంటే అంకె అదే చెబుతుంది. దానికీ మందు ఉంది. కొలతని పట్టుకుని ఎక్స్ కొట్టి ఎంటర్ నొక్కితే పేలిపోతుంది. చప్పుడు రాదు, పొగ రాదు, చూడ్డానికి అంతకుముందులాగే ఉంటుంది. కానీ ఇక అది కొలత కాదు. రెండు బాణాలు, ఒక సన్న గీత, ఒక అంకె, దేనికదే. ఆ అంకెని చెరిపి ఏమైనా రాసుకోవచ్చు. తర్వాత గీతని ఎటు జరిపినా అది మారదు. మా ఆఫీసులో దాన్ని చచ్చిన కొలత అంటారు. ముదీర్, అంటే మా మేనేజరు, కంటపడితే అరుస్తాడు.

ఎడమ గోడ నుంచి గీత దాకా 2500 అని ఉంది. పేల్చి 2800 చేశాను. గీతని ముట్టుకోలేదు, అది నడిమధ్యనే ఉంది. కట్టే గోడ మాత్రం అడుగు అవతలికి పోతుంది. ఏసీ నాబ్‌లతో సహా మా గదిలో ఉంటుంది.

ఇది మోసం కాదు. వాళ్ళు పగలు ఇంట్లో ఉండరు. గాలి ఎలాగూ పైనుంచి పోతుంది.

సాయంత్రం మరియ డ్యూటీకి తయారవుతుంటే చెప్పాను.

"కొలతని పేల్చావా? పేలిస్తే ఏమైద్దయ్యా?"

"ముక్కలైద్ది. చూస్తే తెలవదు."

"నీకన్నా తెలుస్తదా, ఏది పేలిందో ఏది పేల్లేదో?"

"గీసినోణ్ణి నేనేగా."

"సరే" అని బ్యాగు భుజాన వేసుకుంది. "నాక్కావాల్సింది నిద్ర. అది ఎట్టా తెస్తావో నీ ఇష్టం."

మే 8, సోమవారం

బాలు గారికి కాగితం చూపించాను. ఆయన లారీల కంపెనీలో లెక్కలు రాస్తారు. అందుకని గీత మీదే వేలు పెట్టి చూపించాను.

"ఈ రెండువేల ఎనిమిది వందలేంది తమ్మీ?"

"మిల్లీమీటర్లు సార్."

"మిల్లీలంటే దగ్గుమందు గాదు? ఫుట్లల్ల చెప్పు."

"గల్ఫ్‌లో అన్నీ మిల్లీమీటర్లే సార్. హబీబుల్లా టేపులో ఫుట్లుండవు."

ఆయన ఆ అంకెని వదిలేసి తనకి తెలిసిన పరీక్ష ఒకటి చేశారు. కాగితం మీద గోడకి గోడ ఆనించి సగానికి మడిచారు. మడత మీద గోటితో రుద్దారు. విప్పి చూశారు. మడత సరిగ్గా గీత మీద పడింది.

"శభాష్. ఏక్‌దమ్ సగం!"

కాత్యాయని గారు స్కూల్ నుంచి వచ్చి కాగితం తీసుకున్నారు. ఆమె ఇండియన్ స్కూల్లో టీచరు. చిన్నపిల్లలకి పద్యాలు చెబుతారనుకుంటాను. ఆమె కాగితాన్ని మడవలేదు. కాసేపు దాన్ని చూశారు. తర్వాత ఏసీని చూశారు. తర్వాత నన్ను చూశారు.

"మంచిగ గీసినవ్ ఐజక్" అని ఒక గిన్నెలో పులిహోర పెట్టిచ్చారు.

పులిహోర బాగుంది. పాపం, అమాయకురాలు.

మే 9, మంగళవారం

హబీబుల్లా శుక్రవారం వస్తానన్నాడు. ఏసీ కింద మంచం ఎటు తిప్పి వేయాలా అని ఆలోచిస్తున్నాను.

మే 10, బుధవారం

ఇలాంటిది జరుగుతుందని అనుకోలేదు. బాలు గారు స్నానం చేసి, విబూది పెట్టుకుని, దుప్పట్లోంచి తల పెట్టారు.

"తమ్మీ, చిన్న ముచ్చట. మా కాత్యాయని యాది చేసింది. వాస్తు ప్రకారం వయసుల పెద్దోడు నైరుతిల పండాలె. నైరుతేమో మీ సగంల వడ్డది. మేం వాయవ్యంల ఉన్నం."

"మాకు ఆ పట్టింపు లేదు సార్."

"గందుకే అడుగుతున్న. సగాలు మార్చుకుందాం. వాయవ్యమంటే గాలి మూల. మీకు గాలి మంచిగొస్తది." తర్వాత, దాచుకోలేని మనిషి కాబట్టి, "అక్కడ పండినోళ్ళు ఇంట్ల నిలవరంటరు గని, మీకు పట్టింపు లేదంటివి గద" అన్నారు.

వంటగదిలోంచి కాత్యాయని గారు కేకేశారు. "ఇష్టం లేకుంటే లేదని చెప్పు ఐజక్. ఏం అనుకోం."

నేను ఏసీ వైపు చూశాను. నవ్వు ఆపుకోవడానికి దగ్గాల్సి వచ్చింది. కుడి సగం మాదైతే, గోడ సరిగ్గా మధ్యలో కట్టినా నాబ్‌లు మా గదిలోనే ఉంటాయి. ఇక ఒక్క మిల్లీమీటరు కూడా దొంగిలించే పని లేదు.

"పెద్దవారు, మీ ఇష్టం సార్" అన్నాను.

మే 11, గురువారం

డ్రాయింగ్ తెరిచి ఎడమ సగంలో నా పేరు తీసి బాలు గారి పేరు రాశాను. కుడి సగంలో నా పేరు. అంతలో ముదీర్ వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏ విల్లా ఇది?" అన్నాడు.

"బనియాస్ విల్లా, ముదీర్."

"మజ్లిస్ హాలు మధ్యలో గోడా? ఎవడి బుర్ర ఇది?"

"కస్టమర్ అడిగాడు."

"కస్టమర్ గాడిద. ప్రింట్ తీసెయ్, ఖలాస్. యల్లా, స్కూలు డ్రాయింగ్ పట్టు."

ప్రింట్ తీశాను. గీత మధ్యలోనే ఉంది. రెండుసార్లు చూశాను. ఇప్పుడు ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. దారిలో హబీబుల్లా చేతిలో పెట్టి వచ్చాను.

మనసు తేలిగ్గా ఉంది. న్యాయంగా ఉండటం కూడా బాగానే ఉంటుంది.

మే 12, శుక్రవారం

పొద్దున మరియ, నేను చర్చికి పోయాం. పొరుగువాడి మీద ప్రసంగం. శ్రద్ధగా విన్నాను.

తిరిగొచ్చేసరికి గోడ లేచింది. హబీబుల్లా కింద పడ్డ మేకులు ఏరుకుంటున్నాడు. మా వైపు తలుపు తీసి లోపలికి ఒక అడుగు వేశాను. రెండో అడుగు ఎక్కడ వేయాలో చూసుకోవాల్సి వచ్చింది. ఏసీ మొత్తం అవతలికి పోయింది. మా వైపు దాని చట్రం అంచు మిగిలింది, బొటనవేలంత.

"హబీబ్ భాయ్, యే క్యా కియా?"

"జో కాగజ్ మే లిఖా, వో కియా."

"లకీర్ తో బీచ్ మే హై!" గీత మధ్యలోనే ఉందని నా గోల.

"హమ్ లకీర్ నహీ దేఖ్‌తా. హమ్ నంబర్ దేఖ్‌తా." జేబులోంచి కాగితం తీసి వేలితో పొడిచి చూపించాడు. "దో హజార్ ఆఠ్ సౌ. యే కిస్‌నే లిఖా? హబీబుల్లా నే?"

2800. పేర్లు మార్చాను, సగాలు మార్చాను. పేల్చిన కొలత పేల్చినట్టే ఉంది. ఎడమ గోడ నుంచి 2800. ఎడమ ఇప్పుడు బాలు గారిది.

మరియ గుమ్మంలో నిలబడి గదిని చూసింది. అవతలికి పోయిన ఏసీ అంచు చూసింది.

"గీసినోడివి నువ్వేగా" అంది.

మే 13, శనివారం

మంచం అడ్డంగా పట్టలేదు, నిలువుగా వేశాం. బీరువా తలుపు సగమే తెరుచుకుంటుంది. చొక్కా కావాలంటే చెయ్యి పెట్టి తడుముకోవాలి. ఈ రోజు మరియ చీర వచ్చింది.

మే 16, మంగళవారం

అనుకున్నట్టే అయింది. రాత్రి పూట ఏసీ బాగానే నడుస్తుంది, గోడ పైనుంచి చల్లగా వస్తుంది. కానీ రాత్రి మరియ ఉండదు. పొద్దున బాలు గారు నాబ్ తిప్పి, తాళం వేసి, తాళాన్ని రెండుసార్లు లాగి చూసి వెళ్తారు. మరియ తడి తువ్వాలు కప్పుకుని పడుకుంటోంది. నేను వచ్చేసరికి తువ్వాలు ఎండిపోయి అప్పడంలా ఉంటుంది. ఆమె మేలుకునే ఉంటుంది.

నిన్న డ్యూటీలో నిలబడే కునుకు తీసిందట. సిస్టర్ ఇన్‌ఛార్జి చూసింది.

"నెలాఖరు ఎప్పుడు?" అని అడిగింది నన్ను. క్యాలెండర్ ఆమె తల దగ్గరే ఉంది.

మే 17, బుధవారం

బాలు గారితో మాట్లాడాను. పేల్చిన సంగతి తప్ప అన్నీ చెప్పాను. అది తప్పిస్తే చెప్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

"సార్, గోడ కొంచెం మా వైపు వచ్చినట్టుంది."

"అట్లనా?" ఆయన కాగితం తెప్పించారు. మళ్ళీ మడిచారు, మళ్ళీ గోటితో రుద్దారు, మళ్ళీ విప్పారు. "సగం కాడనే ఉన్నది గద తమ్మీ. నువ్వు గీసిందే."

"కాగితం మీద సగమే సార్. గదిలో..."

"కండ్లకు గట్ల కొడ్తది. నైరుతి బరువు మూల. అక్కడ ఎంత జాగ ఉన్నా పెద్దగనే కనవడ్తది. గందుకే వాస్తు చూస్కోవాలనేది."

కాత్యాయని గారు అక్కడే కూర్చుని పేపర్లు దిద్దుతున్నారు. తల ఎత్తలేదు. భుజాలు మాత్రం కొంచెం కదిలాయి. దగ్గేమో అనుకున్నాను.

మే 19, శుక్రవారం

మరియ బ్యాగు సర్దుకుంది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. బ్యాగు మంచం కింద పెట్టింది. గోడకి ఆనించి పెట్టడానికి చోటు లేదు.

గోడ కూల్చమని ఏ ముఖం పెట్టుకుని అడగను? అడిగితే కాగితం చదువుతారు. కాగితం చదివితే అంకె చదువుతారు.

మే 21, ఆదివారం

మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి టేబుల్ ఫ్యాన్ ఒకటి కొనుక్కుని వచ్చాను. మరియకి ఆశ్చర్యంగా ఉంటుందనుకున్నాను.

గది ఖాళీగా ఉంది. మంచం మీద తలగడ లేదు. మేకుకి యూనిఫాం లేదు. వంగి చూశాను, బ్యాగు లేదు. ఫోన్ చేశాను. స్విచాఫ్.

ఫ్యాన్ పెట్టె మీద కూర్చున్నాను. ముసఫ్ఫాలో నా మంచం ఎవరికిచ్చారో కనుక్కోవాలి. అది పై మంచం. నిచ్చెన మెట్టు ఒకటి విరిగి ఉండేది. వాయవ్యంలో పడుకున్నవాళ్ళు నిలవరన్నారు బాలు గారు. నేను దాన్ని నమ్మను. కాసేపు నమ్మాను.

అప్పుడు గోడ పైనుంచి గురక వినిపించింది.

అది మరియ గురక. సన్నగా మొదలై చివర్లో కుక్కర్ విజిల్‌లా తెగుతుంది. దానితో పాటు చల్లగాలి కూడా వస్తోంది. చెప్పులు విప్పి మంచమెక్కాను, మునికాళ్ళ మీద లేచి ఖాళీలోంచి తల అవతలికి పెట్టబోయాను.

"దిగు ఐజక్. మొన్నటిదాంక మా ఆయన తల పెట్టిండు. ఇప్పుడు నీ వంతా?"

గుమ్మంలో కాత్యాయని గారు, స్కూలు సంచీతో. దిగాను.

"నాలుగు దినాల సంది మా రూములనే పంటున్నది. నువ్వొచ్చే యాళ్ళకు లేచి ఇవతలికొస్తది. తాళంచెవి నేనే ఇచ్చిన. బ్యాగు గూడ మా మంచం కింద పెట్టుకొమ్మన్న. మీ దాంట్ల జాగ లేదు గద."

"నాకు చెప్పలేదండీ."

"నువ్వు చెప్పినవా, రెండువేల ఎనిమిది వందలని?"

నేను ఫ్యాన్ పెట్టె మీద రాసింది చదువుతూ నిలబడ్డాను.

"మా తాత పట్వారి. గట్టు జరిపినోడు కాయిదం పట్టుకొస్తే గీత దిక్కు చూడకపోతుండె, లెక్క చదువుతుండె. నేను పదోతరగతికి లెక్కలు చెప్త. ఐదువేలల్ల సగమెంతనో నాకు రాదనుకున్నవా?"

పద్యాలు చెబుతారనుకున్నానని అనలేదు.

"మరి అప్పుడే అడగాల్సిందండీ."

"ఎందుకు అడగాలె? నైరుతి పేరు చెప్పి సగాలు మార్పిస్తే, సిగ్గువడి నువ్వే అంకె దిద్దుతవనుకున్న. దిద్దకపోతివి. సరే, వచ్చిన జాగ ఎందుకు వదలాలె అని ఊకున్న." సంచీ కింద పెట్టారు. "ఏసీ పగలు కావాలె, తాళంచెవి ఇయ్యిన్రి అని ఒక్కమాట అడిగితే ఇయ్యకపోదునా ఐజక్? మరియ వచ్చి అడిగింది. ఇచ్చిన. గంతే."

"గోడ మళ్ళీ మధ్యకి..."

"గోడ జరగది. పొద్దంత మరియ మా దాంట్ల పంటది, రాత్రి దవాఖానకు పోతది. ఒక్కనివి, నీకెంత జాగ కావాలె?"

ఫ్యాన్ పెట్టెని కాలితో మంచం కిందికి తోశాను.

"ఇంకో మాట. మా ఆయనకు చెప్పకు. నైరుతిలకు రాంగనే రూము పెరిగిందని ఆఫీసుల అందరికి చెప్పుకుంటున్నడు. ఆ మాట నమ్మి ఆఫీసోళ్ళు ఇద్దరు వాళ్ళ రూములల్ల సగాలు మార్చుకున్నరట గూడ."

గోడ అవతల గురక ఆగింది.

"ఏందయ్యా, పెందరాళే వచ్చావు?"

"నీ కోసం ఫ్యాన్ తెచ్చా."

"నువ్వే పెట్టుకో. పేల్చినోడికేగా ఉక్కపోసేది."

కాత్యాయని గారు ఈసారి దగ్గలేదు. గట్టిగానే నవ్వారు.

మే 22, సోమవారం

మరియ హాస్టల్‌కి పోవడం లేదు. నెలాఖరు మాట ఎత్తితే ఏ నెలాఖరు అంది. బ్యాగు మాత్రం అవతలే ఉంది.

ఫ్యాన్ బాగానే తిరుగుతోంది.

మే 30, మంగళవారం

వంటగదిలో అలమర ఒకటే. నడిమి అర మీద తగువు. ఒక పక్క మరియ ఎండుచేపల డబ్బా, ఇంకో పక్క కాత్యాయని గారి ఆవకాయ జాడీ. మధ్యలో చెక్క వేయించాలని ఇద్దరూ కలిసి తీర్మానించారు. డ్రాయింగ్ నన్నే గీయమన్నారు.

"ఈసారి పేల్చకుండ గియ్యి ఐజక్" అన్నారు కాత్యాయని గారు. ఆ మాట ఆమెకి ఎవరు నేర్పారో వేరే చెప్పనక్కర్లేదు. పక్కనే నిలబడి టేపు పట్టుకుని ఉంది.

బాలు గారు చెక్క నైరుతికి వాలి ఉండాలన్నారు. ఇద్దరూ ఒకేసారి ఆయన్ని బయటికి పంపారు.

మధ్యాహ్నం ఆఫీసులో గీశాను. నడిమధ్య గీత, పక్కన కొలత. పేల్చలేదు. ముదీర్ లేడు, ఎవరూ లేరు. గీతని పట్టుకుని ఒక వేలెడు అవతలికి జరిపి చూశాను.

అంకె వెంటనే మారింది.

మళ్ళీ వెనక్కి జరిపాను.